పంపులో ఏం పారుతుందో ముందు చెప్పండి

గోదావరి డెల్టాలోని ఆక్వా రైతు సంఘాల పెద్దలకు, హేచరీల, రొయ్యల ప్లాంట్ల, నూనె మిల్లుల యజమానులకు, పంపుల డీలర్లకు నమస్కారం.

పాలకొల్లు దగ్గర నాకొక లేత్ షాపు, దాని వెనక పంపుల రిపేరు షెడ్డు ఉన్నాయి. 30 ఏళ్లుగా ఇదే నా బతుకుతెరువు. మీలో చాలామంది పంపులు నా చేతి మీదుగా వెళ్లినవే. అవే పంపులు అదే జబ్బుతో మళ్లీ మళ్లీ వస్తుంటే చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది కొంచెం ఆగి చెబుతాను.

మా షెడ్డులో గోడవారగా ఒక బల్ల ఉంది. పాడై వచ్చిన భాగాల్లో కొన్నిటిని దాని మీద దాచిపెడుతూ వచ్చాను. రెక్కలు కరిగి చిల్లుల గిన్నెలా మిగిలిన ఇంపెల్లర్లు (నీటిని తోసే రెక్కల చక్రాలు), గోటితో గీస్తే పొడి రాలే కేసింగు (పంపు ఒళ్లు) ముక్క, ఉబ్బిపోయి గాడిలో పట్టని ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు రింగులు), నడుము సన్నబడిన షాఫ్టులు (చక్రాన్ని తిప్పే కడ్డీలు). వాటిలో వయసు మీద పడి పోయినవి తక్కువ. మంచి కంపెనీల పంపులే. మోటార్లు బాగానే ఉన్నాయి, బిగింపులోనూ తప్పు లేదు. పంపు చేసిన లోహానికీ అందులో పారిన ద్రవానికీ పొత్తు కుదరలేదు. కొనేటప్పుడు ఆ పొత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మన దగ్గర పంపు ఎలా కొంటామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. షాపులోకి వెళ్లి "ఐదు హెచ్‌పీ, మూడు బై మూడు, ఎంతకిస్తారండీ?" అంటాం. డీలరు ఎంత లోతు నుంచి లాగాలి, ఎంత దూరం తోయాలి అని అడుగుతాడు. బేరం అయిపోతుంది. ఏం తోడతారు అన్న మాట అక్కడ రాదు. ఈ అలవాటు ఊరికే రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేలలో నీళ్లంటే కాలవ నీళ్లే. తియ్యటి నీళ్లు. వాటికి పోత ఇనుప పంపు పెడితే తండ్రి కొన్నదాన్ని కొడుకు వాడుకునేవాడు. లోహం గురించి అడగాల్సిన అవసరం పడలేదు. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక పరిస్థితి వేగంగా మారింది. భీమవరం, ఉండి, ఆకివీడు, మొగల్తూరు, నరసాపురం, అటు అంతర్వేది, కాట్రేనికోన దాకా ఎన్నో పంపులు ఇప్పుడు ఉప్పుటేరు నీళ్లు, డ్రెయిన్ నీళ్లు, ఉప్పు బోరు నీళ్లు తోడుతున్నాయి. వాటి వెనకే ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు వచ్చాయి. నూనె రిఫైనరీల్లో కాస్టిక్ సోడా, యాసిడ్లు పారుతున్నాయి. మనం మాత్రం ఇంకా హెచ్‌పీ ఒక్కటే అడుగుతున్నాం.

ముందు పోత ఇనుము సంగతి చెబుతాను, ఎందుకంటే ఇప్పటికీ చెరువు గట్ల మీద ఎక్కువగా కనిపించేది అదే. అందులో ఇనుముతో పాటు గ్రాఫైటు సన్నని రేకులుగా ఉంటుంది, మన పెన్సిల్లో ఉండే గ్రాఫైటే. ఉప్పు నీటిలో ఇనుము మెల్లగా కరిగి వెళ్లిపోతుంది, గ్రాఫైటు ఎక్కడిదక్కడే మిగిలిపోతుంది. దీన్ని గ్రాఫైటిక్ కరోజన్ అంటారు. ఇందులో భయపడాల్సిన విషయం ఏమిటంటే పంపు రూపం మారదు. ఆకారం అదే, మందం అదే, బయట రంగు కూడా చెక్కుచెదరదు. బలం మాత్రం పోతుంది. మొగల్తూరు వైపు ఒక రైతు తెచ్చిన కేసింగు లోపల స్క్రూడ్రైవరుతో గీస్తే బొగ్గు మీద గీసినట్టు చార పడింది. ఇంకాస్త నొక్కితే ముక్క ఊడి నా చేతిలోకి వచ్చింది. ఆయన ఏటా పంపుకి బయట రంగు వేయిస్తున్నాడు. "నిన్నటిదాకా బాగానే ఆడింది మేస్త్రీ గారూ" అన్నాడు. నిజమే, ఆడింది. చెరువులో నీళ్లు మార్చాల్సిన రాత్రి పగిలింది. రొయ్యకు అప్పటికి 90 రోజులు దాటాయి. అద్దె పంపు కోసం తెల్లవారుజామున బండి వేసుకుని ఊరూరా తిరిగిన ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

పోత ఇనుముతో దెబ్బతిన్నవాళ్లు తర్వాత చేసే పని "ఈసారి ఎస్ఎస్ పంపు ఇవ్వండి" అనడం. ఎస్ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, ఒక లోహం పేరు కాదండీ, ఇంటిపేరు. ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు. 202 అనే రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, అందుకే చవక. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వాటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు. ఉప్పుకు ఎదురు నిలబడటంలో 304కీ 316కీ తేడా తెచ్చేది ఆ మాలిబ్డినమే. పోత పోసిన భాగాల మీద 304కి బదులు సీఎఫ్8 అనీ, 316కి బదులు సీఎఫ్8ఎం అనీ రాసి ఉంటుంది. చివర ఆ ఎం ఉందా లేదా చూడండి. పాలిష్ చేశాక కంటికి ఇవన్నీ ఒకటే.

మనవాళ్లు దీనికి జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్తారు. అంటుకోకపోతే ఒరిజినల్ అని నమ్మకం. అయస్కాంతం మామూలుగా 202కి అంటుకోదు, 304కి అంటుకోదు, 316కీ అంటుకోదు. కాబట్టి వాటి మధ్య తేడా అది చెప్పలేదు. పైగా పోత పోసిన సీఎఫ్8ఎం మీద కొద్దిగా లాగుతుంది, అందులో కొంత ఫెర్రైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే రకం స్టీలు ఉంటుంది కనుక. ఇక డూప్లెక్స్ స్టీలుకైతే గట్టిగానే అంటుకుంటుంది, అది సుమారు సగం ఫెర్రైటే. ఉప్పు నీటికి 316 కన్నా డూప్లెక్స్ మేలైన లోహం. అయినా నరసాపురంలో ఒకాయన నా కళ్ల ముందే డూప్లెక్స్ ఇంపెల్లరుకి అయస్కాంతం పెట్టి, అంటుకుందని డూప్లికేట్ అనుకుని వెనక్కి ఇచ్చేశారు. అంటుకోని 202ని కొనుక్కుని వెళ్లారు. ఆపి చెప్పాను, వినిపించుకోలేదు. నాలుగు నెలలకు ఆ 202 నా బల్ల మీదికి వచ్చింది. మాలిబ్డినం ఉందో లేదో తేల్చడానికి మోలీ టెస్ట్ అని ఉంది. ఒక చుక్క ద్రావణం, చిన్న బ్యాటరీ చాలు. పాత స్టీలు కొనే స్క్రాప్ వ్యాపారులకు అది తెలుసు. లక్షలు పెట్టి కొత్త పంపు కొనే మనకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కొన్ని అంకెలు చెప్పాలి, ఓపిక చేసుకుని చదవండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో క్లోరైడ్ ఒక్కటే దాదాపు 19 గ్రాములు, అంటే 19,000 మిల్లీగ్రాములు. స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు శత్రువు ఆ క్లోరైడే. మామూలు ఉష్ణోగ్రతలో 304ని లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా, 316ని 1,000 దాకా వాడొచ్చని ఈ రంగంలో ఒక బండగుర్తు ఉంది. ఇప్పుడు మీ చెరువు లెక్క చూడండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు 10 పీపీటీ (లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు) చూపిస్తే క్లోరైడ్ సుమారు 5,500. 316 హద్దుకు ఐదు రెట్లు పైన. 5 పీపీటీ అనుకున్నా 2,700 దాటుతుంది. వేసవిలో కాలవలు కట్టేశాక, సముద్రం పోటు మీద ఉప్పుటేర్లలోకి ఎగదన్నినప్పుడు మీ రీడింగు ఎంత పెరుగుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. పంపు కొనేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ నెలల రీడింగునే.

316 పెడితే వెంటనే పోతుందని చెప్పడం లేదు. నీళ్లు పారుతూ ఉన్నంతసేపు అది బాగానే ఓర్చుకుంటుంది. ఆగి నిలిచిన ఉప్పు నీటిలోనే దానికి ముప్పు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయిపోయాక పంపును అలాగే వదిలేస్తారు చూడండి, లోపల మిగిలిన ఉప్పు నీళ్లు అడుగున నిలిచి, బురద పేరుకుని, ఆ బురద కింద గుండుసూది మొనంత గుంట మొదలవుతుంది. పైకి స్టీలు మెరుస్తూనే ఉంటుంది, గుంట లోపలికి తొలుచుకుంటూ పోతుంది. గ్యాస్కెట్ల కింద, ఓ-రింగు గాడిలో కూడా ఇంతే. అందుకే మా దగ్గరికి వచ్చే 316 పంపుల్లో ఎక్కువ భాగం క్రాప్ మధ్యలో కాకుండా, కొత్త క్రాప్‌కి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కారుతున్నాయని వస్తాయి. పట్టుబడి రోజునే డ్రెయిన్ ప్లగ్గు విప్పి, మంచి నీళ్లు పది నిమిషాలు పారించి, ఆరబెట్టండి. ఇది చేసినవాళ్ల 316 పంపులు ఏళ్ల తరబడి నడవడం నేను చూశాను. ఏరు నీటిని, సముద్రపు నీటిని నేరుగా తోడేవాళ్లు మాత్రం డూప్లెక్స్ వైపు చూడక తప్పదు. దీనికి లోహశాస్త్రంలో పీఆర్ఈఎన్ అనే లెక్క ఉంది. క్రోమియం శాతానికి మాలిబ్డినం శాతం 3.3 రెట్లు, నైట్రోజన్ శాతం 16 రెట్లు కలుపుతారు. 316కి 24 చుట్టుపక్కల వస్తుంది, 2205 డూప్లెక్స్‌కి 35 దగ్గర, సూపర్ డూప్లెక్స్‌కి 40 పైన. అంకె ఎంత పెద్దదైతే ఉప్పుకు అంత గట్టిది.

మంచి ఎస్ఎస్ కేసింగు కొని, ఊడిన బోల్టు స్థానంలో దొరికిన ఇనుప బోల్టు పెట్టడం ఇంకో పొరపాటు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు నీటిలో కలిసి ఉంటే అది బ్యాటరీలా పనిచేస్తుంది, బలహీనమైన లోహం కరుగుతుంది. పెద్ద ఎస్ఎస్ ఒంటికి చిన్న ఇనుప బోల్టు తగిలితే ఆ బోల్టు చూస్తుండగానే సన్నబడుతుంది. పెద్ద ఇనుప ఒంటికి చిన్న ఎస్ఎస్ బోల్టు పెడితే అంత చేటు లేదు. ఎస్ఎస్ మీద ఎస్ఎస్ రాసుకుంటే పట్టేస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఇంపెల్లరుకీ కేసింగుకీ మధ్య అరుగుదలను తట్టుకోవడానికి పెట్టే వేర్ రింగులు రెండూ ఒకే 316తో చేయించుకుని, పంపు బిగుసుకుపోయి తెచ్చినవాళ్లు ఉన్నారు. రెండిటి గట్టిదనంలో తేడా ఉండాలి.

రొయ్య పిల్లల్ని పెంచే హేచరీల వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గన్ మెటల్ ఉప్పు నీటికి పాత చుట్టం. రాగి, తగరం కలిసిన ఆ లోహాన్ని పడవల వాళ్లు తరతరాలుగా నమ్మారు, అది తప్పు కాదు. ఇత్తడి అలాంటిది కాదు. జింకు ఎక్కువున్న ఇత్తడిలోంచి ఉప్పు నీరు జింకును లాగేసి, ఎర్రటి గుల్ల రాగిని మిగులుస్తుంది. ఈ రెండిటి రంగు దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు బిల్లులో పేరు రాయించుకోండి. అయితే గన్ మెటల్ అసలైనదే అయినా హేచరీ నీటి లైనులో పెట్టొద్దు. దానిలోంచి కొద్దికొద్దిగా రాగి నీటిలోకి దిగుతుంది. పంపుకు అది నష్టం కాదు, రొయ్య పిల్లకు విషం. రొయ్య జాతి లార్వాలు రాగిని, జింకును చాలా తక్కువ మోతాదులో కూడా తట్టుకోలేవు.

తీరంలోని ఒక హేచరీలో పంపు మార్చిన తర్వాత వరసగా ట్యాంకుల్లో సీడ్, అంటే రొయ్య పిల్లలు చనిపోయాయి. మేత మార్చారు, మందులు మార్చారు, నీటి ఫిల్టర్లు మార్చారు. పంపు శబ్దం చేస్తోందని నన్ను పిలిచారు గానీ సీడ్ సంగతి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కేసింగు విప్పితే లోపల పచ్చగా చిలుము. రాత్రంతా అందులో నిలిచిన నీళ్లు పొద్దున్నే మొదట ట్యాంకులోకే వెళ్తున్నాయి. "ఈ పచ్చది ట్యాంకులోకి వెళ్తే పిల్లలకేం కాదా అండీ?" అన్నాను. ఆ టెక్నీషియన్ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆ పంపు తీసేసి ప్లాస్టిక్ ఒంటి పంపు పెట్టాక ఆ ఇబ్బంది తగ్గిందని తర్వాత కబురు చేసింది. కారణం అదొక్కటేనని పరీక్షించి తేల్చలేదు. కానీ రాగి లైనులో ఉండకూడదన్నది పరీక్ష లేకుండానే పాటించాల్సిన విషయం.

చల్లబరచడానికి అమ్మోనియా వాడే ఐస్ ఫ్యాక్టరీల వాళ్లకూ రాగితోనే హెచ్చరిక. అమ్మోనియా తగిలే చోట ఇత్తడి, గన్ మెటల్ ఏదీ ఉండకూడదు. తేమతో కలిసిన అమ్మోనియా రాగి లోహాలను తినేస్తుంది, ఇత్తడిని పగుళ్లు తీస్తుంది. అక్కడ ఇనుము, స్టీలే సరి. అత్యవసరంలో పక్క షాపులో దొరికిందని ఇత్తడి ఫిట్టింగు బిగించొద్దు.

ఇప్పుడు ముందు ఆపిన సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం ఒక నూనె మిల్లు నుంచి పిలుపు వచ్చింది. నూనెను కాస్టిక్‌తో శుద్ధి చేసినప్పుడు సబ్బులాంటి మడ్డి మిగులుతుంది. దానిలోంచి యాసిడ్ ఆయిల్ తీయడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ వేస్తారు. అక్కడ 98 శాతం యాసిడ్‌ని ట్యాంకరు నుంచి తోడే పోత ఇనుప పంపు ఒకటి చాలాకాలంగా ఇబ్బంది లేకుండా నడుస్తోంది. నీళ్లు కలిసిన యాసిడ్‌ను తోడే వైపు పంపు పాడైంది. "ఇది యాసిడ్‌కి అలవాటైన పంపే కదా, అటు మార్చి బిగించండి" అన్నారు. మా షెడ్డు వాళ్లమే బిగించాం. యాసిడ్ అంటే యాసిడే అనుకున్నాను. ఎంత చిక్కన అని అడగలేదు.

చిక్కటి సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇనుము మీద ఐరన్ సల్ఫేట్ పొరను కడుతుంది. ఆ పొరే ఇనుమును కాపాడుతుంది. అదే యాసిడ్‌లో నీళ్లు కలిస్తే పొర కరిగిపోతుంది, అప్పుడు యాసిడ్ ఇనుమును ఉడికించినట్టు తినేస్తుంది. తింటూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది, దానికి నిప్పు తగిలితే పేలుతుంది. అంటే పల్చనిది కదా, మెత్తనిది అనుకునే యాసిడే ఇనుముకు ఎక్కువ ప్రమాదం. ఈ ఒక్క ముక్క నాకు ఆ రోజు తెలియదు. వారం తిరగకుండా గ్లాండు (షాఫ్టు బయటికి వచ్చే చోట కారకుండా బిగించే భాగం) దగ్గర షాఫ్టు మీది తొడుగు కరిగి, వేడి యాసిడ్ నీళ్లు చిమ్మాయి. పక్కన హెల్పరు కుర్రాడున్నాడు, పట్టుమని ఇరవై ఏళ్లుండవు. మెడ, కుడి చెయ్యి కాలాయి. దగ్గర్లో కుళాయి లేదు. బకెట్టు కోసం పరిగెత్తి వచ్చేసరికి జరగాల్సింది జరిగింది. బతికాడు, పని చేసుకుంటున్నాడు. కానీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేడు. అతని పెళ్లికి వెళ్లినప్పుడు తాళి కట్టడానికి ఆ చెయ్యి లేపలేక ఇబ్బంది పడుతుంటే నేను పందిట్లో కూర్చోలేకపోయాను. ఆ స్థానంలో పాలీప్రొపిలీన్ పంపు ఒకటి, చుట్టూ చిమ్మకుండా ఒక కవరు ఉంటే సరిపోయేది. ఎస్ఎస్ పంపు కన్నా అది ఖరీదైనదేమీ కాదు.

అప్పటి నుంచి యాసిడ్ పంపు అన్న మాటకు నేను ఊ కొట్టను. ఏ యాసిడ్, ఎంత శాతం, ఎంత వేడి అని మూడూ కాగితం మీద రాసిస్తేనే చెయ్యి వేస్తాను. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితే ఇనుమే కాదు, 304, 316 కూడా నిలవవు. నీటి శుద్ధి ప్లాంట్లలో రెసిన్ కడగడానికి వాడే ఆ యాసిడ్‌కి ప్లాస్టిక్ పంపో, రబ్బరు లైనింగు ఉన్నదో పెట్టాలి. కాస్టిక్ సోడా దీనికి తిరగబడి ఉంటుంది. మామూలు వేడిలో ఇనుము, 304 దానికి బాగానే పనికొస్తాయి, అల్యూమినియం మాత్రం కరిగిపోతుంది, అక్కడా హైడ్రోజన్ వస్తుంది. గాల్వనైజ్డ్ పైపు మీది జింకు పూత కూడా నిలవదు. రొయ్యల ప్లాంట్లలో వాడే సోడియం హైపోక్లోరైట్‌ది ఇంకో తీరు. చూడటానికి నీళ్లలా ఉంటుంది, "బ్లీచింగే కదా" అంటారు. చిక్కటి హైపో 316ని కూడా గుంటలు పెడుతుంది. దానికి పీవీసీ, పీవీడీఎఫ్ లాంటి ప్లాస్టిక్కులు, లోహమే కావాలంటే టైటానియం. కొలత ప్రకారం మందు వదిలే డోసింగ్ పంపు తల మార్చేటప్పుడు ఇది అడగండి.

లోహం సరిగ్గా కుదిరినా రబ్బరు దగ్గర దెబ్బతినేవాళ్లు చాలామంది. సీలులో ఉండే చిన్న రింగు చూసి రబ్బరే కదా అనుకుంటాం. నైట్రైల్ రబ్బరు నూనెకు మంచిది. ఈపీడీఎం వేడి నీటికి, కాస్టిక్‌కి మంచిది, నూనె తగిలితే ఉబ్బిపోతుంది. నా బల్ల మీద ఉబ్బిన ఓ-రింగులన్నీ నూనె మిల్లుల నుంచి వచ్చిన ఈపీడీఎంలే. రెండూ నల్లగానే ఉంటాయి, డబ్బాలో కలిసిపోతే కనిపెట్టలేం. నేను ఇప్పుడు వేర్వేరు డబ్బాల్లో పేరు రాసి పెడుతున్నాను, మీ స్టోర్లలోనూ అలాగే చేయించండి. వైటాన్ ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నిటికీ సరిపోతుందనుకుంటారు. నూనెలకు, చాలా యాసిడ్లకు అది మంచిదే. అమ్మోనియాకు, వేడి కాస్టిక్‌కి మాత్రం పనికిరాదు.

వరద రోజుల్లో గోదావరి ఎర్రగా మారాక పంపులకు వచ్చే జబ్బు వేరు. అది తుప్పు కాదు, అరుగుదల. షాఫ్టు దగ్గర నీరు కారకుండా ఆపే సీలులో ఒకదాని మీద ఒకటి రాసుకునే రెండు ముఖాలు ఉంటాయి, కార్బన్, సెరామిక్ ముఖాలైతే ఇసుకకు ఎన్నాళ్లో ఆగవు, రెండు వైపులా సిలికాన్ కార్బైడ్ అడగండి. ఇసుక, మట్టి ఎక్కువగా తోడేవాళ్లకు హై క్రోమ్ ఇనుము ఇంపెల్లరు బాగుంటుంది. గట్టిది, కానీ పెళుసు, సుత్తి దెబ్బ తగలనివ్వకూడదు.

ఇంత చెప్పాక, ఖరీదైన లోహమే కొనమంటున్నానని అనుకోవద్దు. కాలవ నీళ్లు తోడే వరి రైతుకు ఈనాటికీ పోత ఇనుప పంపే సరైనది. ఆయనకు 316 అంటగట్టడం అన్యాయం. సుమారు 98 శాతం సల్ఫ్యూరిక్‌కి ఇనుము ఆగుతుంది, హైడ్రోక్లోరిక్‌కి చవకైన ప్లాస్టిక్ ఆగుతుంది, మెరిసే ఎస్ఎస్ ఆగదు. ధర చూసి కొంటే చవకదైనా, ఖరీదైనదైనా పొరపాటు పొరపాటే.

రైతు సంఘాల పెద్దలకు నా మనవి. మీ సంఘం ఆఫీసులో రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. ఏ ఏటి నీరు, ఏ బోరు ఏ నెలలో ఎంత ఉప్పు చూపించిందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పంపు కొనబోయే సభ్యుడికి ఆ పేజీ చూపించండి. వీలైతే ఒక మోలీ టెస్ట్ సీసా కూడా కొని పెట్టండి, నలుగురూ వాడుకుంటారు.

డీలర్లకు. మీలో చాలామంది నాకు స్నేహితులు, అందుకే చనువుగా అడుగుతున్నాను. ధర చెప్పే ముందు ఏం తోడతారో అడగండి. బిల్లు మీద "ఎస్ఎస్ పంపు" అని రాయడం మానేసి కేసింగుకు, ఇంపెల్లరుకు, షాఫ్టుకు విడివిడిగా గ్రేడు రాయండి. సీలు రబ్బరు ఏమిటో కూడా రాయండి. కంపెనీ దగ్గర మెటీరియల్ సర్టిఫికెట్ ఉంటుంది, అడిగితే ఇస్తారు, దాన్ని బిల్లుకు జతచేయండి. ఒక పంపు అమ్మకం పోతుందేమో అనే టెన్షన్ మీకు ఉంటుందని తెలుసు. నాలుగు నెలల్లో పోయే పంపు అమ్మితే ఆ ఊరి బేరమంతా పోతుంది కదా.

యజమానులకు, పర్చేజ్ మేనేజర్లకు. ఒక పంపును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే ముందు, దానిలో ఇదివరకు ఏం పారింది, ఇప్పుడు ఏం పారబోతోంది అని ఎవరో ఒకరు సంతకం పెట్టి రాయాలి. ప్రతి పంపు మీద అది ఏ ద్రవానికి, ఎంత శాతానికి, ఎంత వేడికి అని చిన్న ప్లేటు కొట్టించండి. రాత్రి షిఫ్టులో హెల్పరుకు అది తెలుగులో కనబడాలి. యాసిడ్, కాస్టిక్ పంపుల పక్కనే నీళ్ల షవరు ఒకటి, ఫ్లాంజీలకు, గ్లాండుకు చిమ్మకుండా కవర్లు పెట్టండి. కళ్లజోడు, చేతులకు గ్లవుజులు ఇచ్చాం అని రిజిస్టరులో రాస్తే సరిపోదు, పెట్టుకున్నారో లేదో చూడండి. మీ మిల్లులో రేపు పంపు పక్కన నిలబడేది కూడా ఏదో ఒక ఊరి కుర్రాడే.

నా తోటి మెకానిక్కులూ, మీరు కూడా ఇది చదువుతుంటే, అడగడానికి మొహమాటపడొద్దు. నేను ఆ రోజు మొహమాటపడి అడగలేదని కూడా కాదు, అడగాలని తెలియక అడగలేదు. మీకిప్పుడు తెలిసింది.

జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలేలోపు కొత్త పంపులు కొనేవాళ్లు ఎవరైనా, ముందు మా షెడ్డుకు వచ్చి ఆ బల్ల చూసి వెళ్లండి. మీ నీటి రీడింగు, మీ ద్రవం వివరాలు ఒక కాగితం మీద తెండి. ఏది పెట్టాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను, దానికి డబ్బు తీసుకోను.

ఇట్లు,
పాలకొల్లు దగ్గర పంపులు బాగుచేసే ఒక మేస్త్రీ